గాలికి మోగే పాత ఇనుము





ఈసారి ఒక వేపచెట్టు గురించి చెప్తాను. మా బస్తీలో అంబేడ్కర్ భవనం ముందు ఉంటుంది ఆ చెట్టు. కిందటేడు బుద్ధ పూర్ణిమకి, ఆదివారం ధమ్మ తరగతికి వచ్చే పిల్లలూ మేమూ కలిసి దానికి పాత సామాన్లు వేలాడగట్టాం. విరిగిపోయిన మడత మంచం గొట్టాలు, కర్టెన్ రాడ్లు, సైకిల్ బెల్లు గిన్నెలు, సొట్టలుపడ్డ సత్తు గిన్నెలు, ఒక ఇత్తడి మూత, నాలుగైదు గాజు సీసాలు. వాటిని ఎవరూ వాయించనక్కర్లేదు. సాయంత్రం గాలి తిరిగితే చాలు, చెట్టంతా మోగుతుంది. ఒకసారి మోగినట్టు ఇంకోసారి మోగదు.

వచ్చిన పెద్దలు చాలా మెచ్చుకున్నారు. "చెత్తలోంచి సంగీతం తీశారే" అన్నారు. ఫొటోలు తీసుకున్నారు. నేను మైకు పట్టుకుని అనిచ్చ గురించి పది నిమిషాలు మాట్లాడాను. పుట్టిన ప్రతి శబ్దమూ పోతుందని, పోయేదాన్ని పట్టుకోవాలనుకోవడమే దుఃఖమని చెప్పాను. చప్పట్లు కొట్టారు.

దిగివస్తూ గేటు వైపు చూశాను. పిన్ని నిలబడి ఉంది, భుజాన గోతంతో. మేమందరం ఆమెని పిన్ని అనే పిలుస్తాం. తెల్లవారుజామున నాలుగింటికి లేచి వీధులన్నీ తిరిగి చిత్తు కాగితాలు, ఇనుప ముక్కలు, ప్లాస్టిక్ ఏరుకుని పాత ఇనుప సామాన్ల కొట్టుకి వేస్తుంది. చెట్టు మీద మోగుతున్న లోహం మొత్తం ఆమె గోతంలోంచి వచ్చిందే. పిల్లలు అడిగితే కాదనకుండా ఇచ్చింది.

"అదేంటి పిన్నీ, లోపలికి రాలేదే?" అన్నాను.

"పని బట్టల్లో ఉన్నా కదమ్మాయ్. మీది తెల్లబట్టల మీటింగాయె" అంది. తర్వాత తలెత్తి చెట్టు వైపు చూసి, "ఆ పొడుగు గొట్టం మార్కెట్ వెనకాల దొరికింది. దానికి అరవై రూపాయలు వచ్చేయి" అంది. కోపం లేదు ఆ గొంతులో. ఉన్న మాట చెప్పింది అంతే.

మిత్రులారా, నా పది నిమిషాల ప్రసంగం ఆ ఒక్క మాట ముందు నిలవలేదు. ఏడాదిగా ఆ మాట నాతోనే ఉంది. పారేసిన వస్తువుతో అందాన్ని తయారు చేయడం మంచి పనేనా? మంచి పని అయితే, ఎవరికి మంచి? ఈ పుస్తకంలో మీతో కలిసి ఆ సంగతే ఆలోచించుకుందాం అనుకుంటున్నాను.

శబ్దం ఎక్కడ ఉంది?

ముందు శబ్దం దగ్గరే మొదలుపెడదాం. సంయుత్త నికాయంలో బుద్ధుడు చెప్పిన ఒక పోలిక ఉంది. వీణ ఎరగని ఒక రాజు మొదటిసారి ఆ నాదం వింటాడు. మనసు పడతాడు. ఆ శబ్దాన్ని నాకు తెచ్చి ఇమ్మంటాడు. వీణ తెచ్చి ముందు పెడతారు. ఈ చెక్క నాకెందుకు, నాకు శబ్దమే కావాలంటాడు. అయ్యా, ఇది బుర్ర, ఇది దండి, ఇవి తీగలు, వాయించే మనిషి ప్రయత్నం కూడా కలిస్తేనే శబ్దం అని వివరిస్తారు. రాజు వినడు. వీణని ముక్కలు ముక్కలు చేయిస్తాడు, కాలుస్తాడు, బూడిద చేసి గాలికి ఎగరేస్తాడు. శబ్దం దొరకదు. చివరికి వీణ అనేదే మోసం అంటాడు.

మన వేపచెట్టు దగ్గరికి రండి. ఆ పొడుగు గొట్టం మోగుతోంది. శబ్దం గొట్టంలో ఉందా? గాలి లేనప్పుడు అది ఉత్త ఇనుము. గాలిలో ఉందా? ఆ గాలే గోడకి తగిలితే ఏమీ మోగదు. కట్టిన దారంలో ఉందా, పక్కనున్న గిన్నెలో ఉందా, వినే చెవిలో ఉందా? ఏ ఒక్కదాంట్లోనూ లేదు. అన్నీ కలిసినప్పుడు ఉంది, విడిపోతే లేదు. ఇది ఉంటే అది ఉంటుంది, ఇది లేకపోతే అది లేదు. పటిచ్చ సముప్పాదం అంటే భయపడే కుర్రాళ్ళు మా తరగతిలో చాలామంది ఉన్నారు. చెట్టు కింద పావుగంట కూర్చోబెడితే వాళ్ళకే అర్థమైంది.

అయితే ఒక తప్పు చేశాం. కారణాలన్నీ లెక్కపెట్టామనుకున్నాం. గొట్టం, గాలి, దారం, చెవి అన్నాం. తెల్లవారుజామున నాలుగింటికి ఆ గొట్టాన్ని మార్కెట్ వెనక మురుగులోంచి లాగిన చేతిని లెక్కపెట్టలేదు. ఆ చెయ్యి లేకపోతే ఈ శబ్దం లేదు. ధమ్మం చెప్పిన హేతువుల గొలుసులో మనకి ఇబ్బందిగా ఉన్న లింకుని తీసేసి మిగతాదాన్ని అందంగా చెప్పుకోవడం అజ్ఞానమే. అవిజ్జ అంటే అదే.

గొట్టాన్ని ఎక్కడ పట్టుకోవాలి?

మీ ఊళ్ళో కూడా ఇలాంటిది కట్టాలనుకునేవాళ్ళ కోసం నాలుగు మాటలు చెప్తాను. మేం మొదట గొట్టాన్ని చివర చిల్లు పెట్టి కట్టాం. టక్‌మని ఊరుకుంది. నడుముకి కట్టాం, ఇంకా మూగబోయింది. లోహపు గొట్టాన్ని కొట్టినప్పుడు అది కంటికి కనపడనంతగా వంగుతూ ఊగుతుంది. మధ్యభాగం, రెండు చివరలు బాగా కదులుతాయి. ఆ మధ్యలో రెండు చోట్ల మాత్రం దాదాపు కదలిక ఉండదు. ప్రతి చివర నుంచీ పొడవులో సుమారు 22 శాతం దూరంలో ఉంటాయి ఆ రెండు చోట్లు. 90 సెంటీమీటర్ల గొట్టం అయితే పైనుంచి 20 సెంటీమీటర్ల దగ్గర కట్టాలి. అక్కడ కడితే నిండుగా మోగుతుంది, ఎక్కువసేపు మోగుతుంది. కదిలే చోట పట్టుకుంటే మన పట్టే దాని గొంతు నొక్కేస్తుంది.

ఇంకో విశేషం ఉంది. గొట్టం పొడవు సగానికి కోస్తే శబ్దం రెట్టింపు పైకి వెళ్తుందని అనుకుంటాం. కాదు, నాలుగు రెట్లు వెళ్తుంది. అంటే రెండు స్థాయిలు పైకి పోతుంది. ఒక్క స్థాయి పెంచాలంటే 90 సెంటీమీటర్లని 64 దగ్గర కోస్తే సరిపోతుంది, అదే లావు గొట్టం అయితే. పిల్లలు ఈ లెక్కని హాక్సా బ్లేడుతో నేర్చుకున్నారు.

గాలి చేసే పని ఇంకోటి ఉంది, మీకు తెలిసిందే. పొలాల్లో పిట్టల్ని తోలడానికి పాత క్యాసెట్ల టేపు లాగి కడతారు. గాలికి అది 'గుయ్'మని మూలుగుతుంది. గట్టిగా గాలి వీస్తే కరెంటు తీగలు పాడతాయి. గాలి తీగని దాటేటప్పుడు వెనకాల ఒక పక్కా ఇంకో పక్కా చిన్న సుడులు విడుస్తూ పోతుంది. ఆ సుడుల లయే మనం వినే శబ్దం. తీగ సన్నబడినా, గాలి వేగం పెరిగినా స్వరం పైకి వెళ్తుంది. పిట్టల్ని తోలిన ఆ రైతుకి తాను కళ చేస్తున్నానని తెలియదు. ఆయన పంట కాపాడుకున్నాడు.

ఈ లెక్కలన్నీ నేను పుస్తకం చూసి నేర్చుకున్నాను. పిన్నికి పుస్తకం అక్కర్లేదు. మేం గొట్టాలు ఏరుకుంటుంటే ఆమె చిన్న ఇనుప చువ్వతో ఒక్కోదాన్నీ తట్టి చూసి, "ఇది సత్తు, ఇది స్టీలు, దీనికి లోపల తుప్పు పట్టింది, ఇది మోగదు పక్కన పడెయ్యండి" అంటూ వేరు చేసింది. అయస్కాంతం ముక్క సంచిలో ఉంది గానీ దాన్ని బయటికి తియ్యలేదు. ముప్పై ఏళ్ళుగా ఆ చెవి మీదే ఆమె బతికింది. ఇత్తడిని ఇనుమనుకుంటే ఆ పూట కూలి పోతుంది కదా. ఇంత నైపుణ్యం ఉన్న చెవిని మేం సామాన్లు తెచ్చిపెట్టే చెయ్యిగానే చూశాం. సంగీతం తెలిసిన మనిషి గేటు బయట నిలబడింది. తెలియని నేను మైకు ముందు నిలబడ్డాను.

సంగీతం శీలానికి అడ్డం కాదా?

ఒక తమ్ముడు అడిగాడు: "అక్కా, అష్టశీలలో ఏడోది ఆటపాటలకి దూరంగా ఉండమంటుంది కదా. మరి మనం ధమ్మ భవనం ముందు ఈ మోతలేంటి?" మంచి ప్రశ్న. దాటవెయ్యకూడదు.

ఆ శీలం భిక్షువులకి, ఉపోసథ రోజున అష్టశీల తీసుకున్న ఉపాసకులకి. రోజువారీ పంచశీలలో అది లేదు. బుద్ధుడు శబ్దాన్ని ద్వేషించాడనుకోవడమూ తప్పే. దీఘ నికాయంలో పంచశిఖుడు వీణ వాయించి పాడితే, తీగల నాదమూ గొంతూ బాగా కలిశాయని బుద్ధుడు మెచ్చుకున్నట్టు ఉంది. సోణుడి కథ అందరికీ తెలుసు. నడిచి నడిచి పాదాలు పగిలి నెత్తురు కారేదాకా సాధన చేసి, ఇక నావల్ల కాదనుకున్న సోణుడికి బుద్ధుడు వీణతోనే దారి చూపించాడు. తీగ మరీ బిగిస్తే పలకదు, మరీ వదులైతే పలకదు. సోణుడు ఒకప్పుడు వీణ వాయించినవాడు. ఆయనకి తెలిసిన భాషలోనే ఆయనకి చెప్పాడు.

గాలికి మోగే చెట్ల మాట కూడా దీఘ నికాయంలోనే ఉంది. మహాసుదస్సన సుత్తంలో. బుద్ధుడు కుశినారలో సాల వృక్షాల కింద చివరిసారి పడుకున్నాడు. ఆనందుడికి బాధగా ఉంది. భగవాన్, ఈ చిన్న ఊళ్ళో, ఈ మట్టిగోడల ఊళ్ళో పరినిర్వాణం వద్దు, రాజగృహం ఉంది, శ్రావస్తి ఉంది, వారణాసి ఉంది అంటాడు. అలా అనకు ఆనందా అని, ఇదే చోట ఒకప్పుడు ఉన్న కుశావతి నగరం గురించి చెప్తాడు. దాని చుట్టూ ఏడు వరుసల తాళవృక్షాలు, బంగారంతో, వెండితో, రత్నాలతో చేసినవి. గాలి వీస్తే వాటిలోంచి మంచి వాద్యబృందం వాయించినంత మధురమైన శబ్దం వచ్చేదట. ఊళ్ళో జూదగాళ్ళు, తాగుబోతులు ఆ శబ్దానికే మురిసి ఆడేవాళ్ళట. అంతా చెప్పి చివర్లో అంటాడు: చూడు ఆనందా, అవన్నీ పోయాయి, గడిచిపోయాయి, మారిపోయాయి.

కథని కథగానే తీసుకుందాం. నాకు అందులో రెండు విషయాలు కనిపిస్తాయి. ఒకటి, శబ్దం ఎంత మధురమైనా అదే మనిషిని మార్చదు. కుశావతి తాగుబోతులు ఆ శబ్దం విని తాగుడు మానలేదు. మన చెట్టు కింద నిలబడి ఆహా అన్న పెద్దలూ అంతే, నేనూ అంతే. వినడం వేరు, ఎరుకతో వినడం వేరు. రెండోది, ఆనందుడు చిన్నచూపు చూసిన ఊరినే బుద్ధుడు ఎంచుకున్నాడు. 'పనికిరాని చోటు' అన్న మాటని ఆయన చివరి క్షణంలో కూడా ఒప్పుకోలేదు.

సమాధి రాళ్ళూ, స్తూపం రాళ్ళూ

అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో సముద్రతీరాన ఒక రాతికట్ట చివర 'వేవ్ ఆర్గాన్' అని ఒకటి ఉంది. 1986లో ఎక్స్‌ప్లొరేటోరియం అనే సైన్సు మ్యూజియం కట్టించింది. పీటర్ రిచర్డ్స్ అనే కళాకారుడి ఆలోచన, జార్జ్ గొంజాలెజ్ అనే శిల్పి రాతిపని. ప్లాస్టిక్‌తో, కాంక్రీటుతో చేసిన 25 గొట్టాలు రకరకాల ఎత్తుల్లో నీళ్ళలోకి దిగి ఉంటాయి. అల వచ్చి గొట్టం మూతికి కొట్టినప్పుడు లోపలి గాలి కదిలి గుడగుడమని, ఉస్సుమని, ఒక్కోసారి మూలిగినట్టు శబ్దం వస్తుంది. పోటు మీద బాగా వినిపిస్తుంది. అది పెద్దగా మోగేది కాదు. అక్కడికి వెళ్ళినవాళ్ళు ఊరికే కూర్చుని, మాటలాపి, చెవి దగ్గర పెడితేనే వినపడుతుంది. క్రొయేషియాలో జాదర్ అనే ఊళ్ళో కూడా 2005లో నికోలా బాషిచ్ అనే వాస్తుశిల్పి సముద్రం మెట్ల కింద 35 గొట్టాలు పెట్టి అలలతో పాడించాడు.

నా మనసు శాన్‌ఫ్రాన్సిస్కో రాళ్ళ దగ్గర ఆగింది. జనం కూర్చునే ఆ చెక్కిన గ్రానైటు, పాలరాయి ముక్కలు ఒక శ్మశానానివి. లారెల్ హిల్ అనే శ్మశానం. నగరంలో భూమికి విలువ పెరిగింది. 20వ శతాబ్దం మొదటి సగంలో శ్మశానాల్ని ఊరి బయటికి తరలించారు. ఖర్చు పెట్టుకోగలిగిన కుటుంబాలు తమ వాళ్ళ రాళ్ళని తీసుకెళ్ళాయి. అడిగేవాళ్ళు లేని రాళ్ళు కట్టలకి, గోడలకి పోయాయి. వాటిమీద కూర్చుని ఇవాళ సముద్రం పాట వింటున్నారు.

ఇది అనిచ్చకి గొప్ప పాఠం అని వెంటనే అనేయొచ్చు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. శాశ్వతంగా ఉండాలని చెక్కించుకున్న రాయి కూడా ఎవరో కూర్చునే బల్ల అయిపోయింది. కానీ అనిచ్చ అందరికీ ఒకేలా జరగలేదు చూశారా? డబ్బున్నవాళ్ళ రాయి ఇంకోచోట నిలబడింది. అడిగేవాళ్ళు లేనివాళ్ళ రాయి కట్టలో పడింది. మార్పు ప్రకృతి ధర్మమే. ఎవరి గుర్తు ముందు చెరిపేయాలి అన్నది మాత్రం మనుషులు తీసుకునే నిర్ణయం. ఈ రెంటినీ కలిపేసి 'అంతా అనిత్యమే' అని చేతులు దులుపుకోవడం ధమ్మం కాదు.

మనకి అంత దూరం పోవక్కర్లేదు. అమరావతి మనదే. 18వ శతాబ్దం చివర జమీందారీ కాలంలో కొత్త ఊరు కట్టుకోవడానికి ఆ దిబ్బని తవ్వారు. బుద్ధుడి జీవితాన్ని చెక్కిన సున్నపురాతి పలకల్ని కట్టడాలకి వాడుకున్నారు. ఎన్నిటినో కాల్చి సున్నం చేశారు. మిగిలినవాటిలో కొన్ని చెన్నై మ్యూజియంలో, కొన్ని లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. అదీ పాత సామాన్ని మళ్ళీ వాడుకోవడమే కదా! కాబట్టి 'మళ్ళీ వాడుకోవడం' దానంతట అదే పుణ్యం కాదు. ఎవరి వస్తువు, ఎవరి జ్ఞాపకం, ఎవరి చెమట అని తెలుసుకుని వాడుకుంటున్నామా, తెలియకుండా కాల్చేస్తున్నామా అన్నదే తేడా. తెలిసి వాడితే అది సతి. తెలియకుండా వాడితే, ఆ సున్నపు బట్టీ మన చేతుల్లో కూడా వెలుగుతున్నట్టే.

సునీతుడి కావడి

పారేసినదానితో బతకడం బౌద్ధానికి కొత్త కాదు. సంఘం మొదటి బట్టే పాంసుకూలం. దుమ్ములో, కుప్పల మీద, శ్మశానంలో పారేసిన గుడ్డపీలికలు ఏరి ఉతికి అతుకులేసి కుట్టుకున్న చీవరం. ఆ అతుకులకి ఒక రూపం ఇమ్మని బుద్ధుడు మగధ పొలాల మళ్ళనీ గట్లనీ ఆనందుడికి చూపించాడు. వినయ పిటకంలో ఆనందుడు, ఉదేన రాజు సంభాషణ ఇంకా బాగుంటుంది. ఇన్ని కొత్త బట్టలు తీసుకుంటున్నారు, పాతవి ఏం చేస్తారని రాజు అడుగుతాడు. పాతబడ్డవాటితో దుప్పట్లు చేస్తాం, అవి పాతబడితే పరుపు తొడుగులు, తర్వాత కింద పరుచుకునేవి, తర్వాత కాళ్ళు తుడుచుకునే గుడ్డలు, తర్వాత దుమ్ము దులిపేవి, చివరికి ముక్కలు చేసి మట్టిలో కలిపి నేల అలుకుతాం అంటాడు. ఒక్క పోగు కూడా వృథా లేదు.

దీన్ని చెప్పి, చూశారా మన ధమ్మం ఎప్పుడో పర్యావరణాన్ని పట్టించుకుందని మనం గర్వపడతాం. పడదాం, తప్పులేదు. కానీ సునీతుడిని మర్చిపోకండి.

సునీతుడు వాడిపోయిన పూలు ఎత్తిపోసే పని చేసేవాడు. పుట్టుక వల్ల జనం అసహ్యించుకున్న మనిషి. అందరికీ తల వంచి బతికాడు. థేరగాథలో తన కథ తానే చెప్పుకున్నాడు. ఒకరోజు బుద్ధుడు సంఘంతో మగధ నగరంలోకి వస్తుంటే చూశాడు. కావడి కింద పెట్టి దగ్గరికి వెళ్ళాడు. బుద్ధుడు అతని కోసం ఆగాడు. రా భిక్షూ అన్నాడు. అదే అతని ప్రవ్రజ్య.

మిత్రులారా, ఇక్కడ ఆగి ఆలోచించండి. బుద్ధుడు సునీతుడితో, నీ కావడి ఎంత అందంగా ఉంది అనలేదు. వాడిన పూలల్లో కూడా సౌందర్యం ఉంది, ఆ పని దైవకార్యం అనుకుని చేసుకో అనలేదు. కావడి దించనిచ్చాడు. భిక్షువు తనంతట తాను ఎంచుకుని పీలిక ఏరుకుంటాడు. అది త్యాగం. సునీతుడికి ఎంచుకునే వీలు లేదు. అది అణచివేత. ఇద్దరి చేతుల్లో ఉన్నదీ పారేసిన వస్తువే. అయినా రెండూ ఒకటి కావు. చెత్తలో అందం ఉందనే మాట, ఇష్టం వచ్చినప్పుడు చెత్త ముట్టుకుని చేతులు కడుక్కోగలిగిన మనలాంటివాళ్ళం అంటే ఒక అర్థం. అదే మాటని తరతరాలుగా చెత్తలోనే ఉంచబడ్డ మనిషితో అంటే ఇంకో అర్థం. రెండోది క్రూరత్వం.

బాబాసాహెబ్ 1927 మార్చిలో మహాడ్‌లో చెరువు నీళ్ళ హక్కు గురించే మాట్లాడలేదు. చచ్చిన పశువుల మాంసం మానండి, మీమీద రుద్దిన నీచపు పనులు వదలండి అని కూడా చెప్పాడు. ఆ పనులకి గొప్ప పేర్లు పెట్టమనలేదు. వదలమన్నాడు. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో లక్షల మంది దించింది కూడా ఆ కావడినే.

మరి డప్పు సంగతి?

మా తరగతిలో ఒక పెద్దాయన ఉన్నాడు. ఆయన తండ్రి డప్పు కొట్టేవాడు. ఆయన అన్నాడు: "అమ్మా, మరి డప్పు కూడా చచ్చిన పశువు చర్మమే కదా. ఊళ్ళో చావుకీ, చాటింపుకీ మా నాయన కొట్టింది వెట్టి. ఇప్పుడు మా మనవడు ఊరేగింపులో కొడుతుంటే నాకు ఒళ్ళు పులకరిస్తది. ఇది వదలాల్నా, పట్టుకోవాల్నా?"

ఈ ప్రశ్నకి నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. తర్వాత నాకు తోచింది ఇది. చర్మం అదే, చట్రం అదే, మంట దగ్గర కాచి బిగించే పద్ధతీ అదే. మారింది ఎవరి ఆజ్ఞ మీద మోగుతోంది అన్నది. ఊరు పిలిస్తే పోక తప్పనప్పుడు అది వెట్టి. 1994లో దండోరా ఉద్యమం మొదలైనప్పుడు అదే డప్పు ఆత్మగౌరవం అయింది. వద్దు అనగలిగే స్వేచ్ఛ ఉన్నప్పుడే కళ కళ అవుతుంది. ఆ స్వేచ్ఛ లేనిచోట ఎంత గొప్పగా మోగినా అది సంకెళ్ళ చప్పుడే.

ఇప్పుడు పిన్ని ఇచ్చిన గొట్టానికి వద్దాం. రెండో శీలం మనకి తెలుసు, ఇవ్వనిది తీసుకోను అని. పిన్ని ఇచ్చింది. కానీ ఆమె ఇవ్వను అనగలిగేదా? తెల్లబట్టలు కట్టుకుని, పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్ళి నేను అడిగితే కాదనే వీలు ఆమెకి ఎంత ఉంది? నేను లెక్కేసుకున్నాను. మేం తీసుకున్నది పదకొండు కిలోల పైన. ఆమెకి రోజున్నర కూలి. మంచి పని కోసమే తీసుకున్నాం. మంచి పని అన్న మాట నా కళ్ళకి గంతలు కట్టింది.

మనం చేయగలిగింది

పరాగ్వే దేశంలో, రాజధాని అసున్సియోన్ పక్కన కతేఉరా అనే పెద్ద చెత్తకుప్ప ఉంది. దాన్ని ఆనుకుని చెత్త ఏరి బతికే కుటుంబాల ఊరు. ఫావియో చావేజ్ అనే పర్యావరణ ఉద్యోగి అక్కడి పిల్లలకి సంగీతం నేర్పడం మొదలుపెట్టాడు. వయొలిన్లు చాలవు. అసలు వయొలిన్ వెల ఆ పేటలో ఒక ఇంటి వెలకంటే ఎక్కువ. అప్పుడు నికొలాస్ గోమెజ్ అనే చెత్త ఏరుకునే మనిషి నూనె డబ్బాలతో, పారేసిన చెక్కతో, ఫోర్కులతో వయొలిన్లు, చెల్లోలు తయారు చేశాడు. పిల్లలు వాటితో దేశదేశాలు తిరిగి కచేరీలు చేశారు. 2015లో వాళ్ళ మీద సినిమా వచ్చింది. నాకు నచ్చింది ఏంటంటే, అక్కడ తయారు చేసినవాడి పేరు లోకానికి తెలుసు. అతను గేటు బయట నిలబడలేదు. వాయించిందీ ఆ కుప్ప పక్కన పుట్టిన పిల్లలే.

మేం ఏం చేశామంటే, గొప్పగా ఏమీ చెయ్యలేదు. మరుసటి వారం చెట్టు మీద సామాన్లన్నీ దించి పాత ఇనుప సామాన్ల కొట్టులో తూకం వేయించి, ఆ ధర కట్టి పిన్ని చేతిలో పెట్టాం. ఆమె తీసుకుంది. "ముందే ఇచ్చుంటే ఆ రోజు బియ్యానికి అప్పు చేసేదాన్ని కాదు" అంది. నేను తల దించుకున్నాను. ఆ మాట వినాల్సిందే, విన్నాను.

మళ్ళీ కట్టేటప్పుడు ఆమెనే రమ్మన్నాం, కూలి మాట్లాడుకుని. ఏ గొట్టం పక్కన ఏ గొట్టం ఉండాలో ఆమె చెవే తేల్చింది. మేం కొలబద్ద పట్టుకుని 22 శాతం లెక్కలు వేస్తుంటే, ఆమె గొట్టాన్ని రెండు వేళ్ళ మధ్య వదులుగా పట్టుకుని పైకీ కిందకీ జరుపుతూ తట్టింది. ఒక చోట మోత నిండుగా వచ్చింది. "ఇదిగో, ఇక్కడ కట్టు" అంది. కొలిస్తే వేలి మందం కూడా తేడా లేదు.

కాబట్టి మీ ఊళ్ళో, మీ విహారంలో ఇలాంటిది కట్టాలనుకుంటే కట్టండి. గాలి ఉంది, పాత ఇనుముకి కొదవ లేదు. కానీ ముందు ఈ నాలుగూ చూసుకోండి. సామాను తెచ్చినవాళ్ళకి కొట్టు ధరకి తగ్గకుండా ఇవ్వండి. వాళ్ళ తెలివిని అడగండి, గోతాన్ని ఒక్కదాన్నే కాదు. వాళ్ళకి ఇష్టమైతే వాళ్ళ పేరు అక్కడ రాయండి. సభ జరిగితే వాళ్ళ కుర్చీ ముందు వేసి మిగతావి తర్వాత వేయండి, పని బట్టల్లో ఉన్నా సరే.

అక్కడితో ఆగకండి. 2016 నాటి ఘనవ్యర్థాల నిర్వహణ నిబంధనలు చెత్త ఏరుకునేవాళ్ళని గుర్తించాలని, వాళ్ళని వ్యవస్థలో కలుపుకోవాలని స్థానిక సంస్థలకి చెప్పాయి. 2013 చట్టం పాకీ పనిని నిషేధించింది, రక్షణ లేకుండా మనుషుల్ని మురుగు కాలవల్లోకి దించడాన్ని నేరం చేసింది. ఇలాంటి నియమాలు కాగితం మీద మూగ గొట్టాల్లా పడి ఉన్నాయి. మోగించాల్సిన గాలి మనమే. మీ మున్సిపాలిటీలో గుర్తింపు కార్డులు ఇచ్చారా, చేతి తొడుగులు ఇచ్చారా, వాళ్ళ పిల్లలు బడికి పోతున్నారా అని అడగండి. సమ్మా ఆజీవ అంటే నా బతుకుతెరువు శుద్ధంగా ఉంటే సరిపోదు. నా సౌకర్యం ఎవరి బతుకుతెరువుని మురికి చేస్తోందో చూసుకోవడం కూడా.

ఇక సాధన. ఇలాంటి చెట్టు కింద పది నిమిషాలు కూర్చోండి. కళ్ళు మూసుకోండి. శబ్దం వచ్చింది, వచ్చిందని తెలుసుకోండి. పోయింది, పోయిందని తెలుసుకోండి. బాగుంది, మళ్ళీ రావాలి అనిపిస్తే, అనిపించిందని తెలుసుకోండి. అదే తణ్హ, పుడుతుండగానే పట్టుకున్నారు. గాలి ఆగితే విసుగొస్తుంది. ఆ విసుగునీ వినండి. చివరగా ఒక్క నిమిషం, ఈ శబ్దం మీదాకా రావడానికి ఎన్ని చేతులు పనిచేశాయో వెనక్కి లెక్కపెట్టండి. మధ్యలో ఏ చేతినైనా వదిలేశామా అని మళ్ళీ లెక్కపెట్టండి.

ఈ ఏడు బుద్ధ పూర్ణిమకి పిన్ని లోపలికి వచ్చింది. అప్పుడే పని ముగించుకుని వచ్చింది, అవే బట్టలు. ముందు వరసలో కూర్చుంది. గాలి చాలాసేపు రాలేదు. మైకు కట్టేసి అందరం ఎదురుచూశాం. రాత్రి ఏడున్నరకి ఆ పొడుగు గొట్టం ఒక్కసారి మోగింది. పిన్ని చెట్టు వైపు చూడలేదు, కళ్ళు మూసుకునే ఉంది. "అది కాదు, దాని పక్కది వదులైంది. రేపు కడతా, నా కూలి నాకివ్వండి" అంది.

అందరం నవ్వాం. ఆమె కూడా నవ్వింది.

జై భీమ్. నమో బుద్ధాయ.